మాట సరే, జవాబేది?

బడి బయట నేర్పే చదువు ఏం చేయగలదో నెల్లూరు జిల్లా ఒకసారి రాష్ట్రానికంతటికీ చూపించింది. 1991లో అక్షరదీపం రాత్రి బడులు, 1992లో కలిగిరి మండలం దూబగుంట ఆడవాళ్ల సారా పోరాటం, 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం. ఈ మూడింటినీ ఒకే దారానికి గుచ్చి చెప్పుకోవడం మనకు అలవాటైపోయింది. పలక పట్టిన చెయ్యే సారా ప్యాకెట్లను తగలబెట్టిందన్నది ఆ కథ సారాంశం. నెల్లూరు తీరంలో ఇప్పుడు కుర్రకారుతో నాటకాలు వేయించి, బొమ్మలు గీయించి, ఫోనుతో వీడియోలు తీయించి వాళ్ల నోరు విప్పిద్దామని వచ్చేవాళ్లు కూడా, తెలిసో తెలియకో, ఆ కథనే నమ్ముకుని వస్తారు. సరైన పద్ధతిలో నేర్పితే మాట వస్తుంది, మాట వస్తే మార్పు వస్తుంది అని.

మొదటి సగం నిజమనడానికి సాక్ష్యం కావలసినంత ఉంది. రెండో సగంతోనే నా పేచీ.

ముందు ఎవరి నోరు అన్నది తేల్చుకోవాలి. తీరం అంటే నెల్లూరు నుంచి ఆదివారం మైపాడు బీచికి వెళ్లొచ్చే రోడ్డు ఒక్కటే కాదు. కావలి వైపు తుమ్మలపెంట మొదలు పులికాట్ సరస్సులో ఇరకం దీవి దాకా నూట అరవై కిలోమీటర్లకు పైగా సాగే ఇసుకనేల. 2022 విభజనలో సూళ్లూరుపేట, తడ వైపు ఊళ్లు తిరుపతి జిల్లాలో చేరాయి గానీ బతుకులో తేడా ఏమీ రాలేదు. ఇక్కడ చేపల వేట మీద బతికే పట్టపువాళ్ల పాలేలున్నాయి, బకింగ్‌హాం కాలువ గట్ల మీద యానాదుల గుడిసెలున్నాయి, వరి ఊళ్ల చివర దళితవాడలున్నాయి, మధ్యలో రొయ్యల గుంటలు, కృష్ణపట్నం ఓడరేవు, నేలటూరు థర్మల్ కేంద్రం. పాలెంలో మగపిల్లవాడు పద్నాలుగేళ్లకో పదిహేనేళ్లకో వల పట్టుకుంటే ఎవరూ వింతగా చూడరు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం ఉన్న రోజుల్లో అతను ఇంకేదో ఊళ్లో కూలికి పోతాడు. ఆడపిల్ల సంగతి వేరు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 20–24 ఏళ్ల స్త్రీలలో 29.3 శాతం మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్లయింది. యానాది పిల్లవాడైతే తల్లిదండ్రులతోపాటు రొయ్యల గుంట కాపలాకు పోయి ఆ గట్టు మీదే పెరుగుతాడు. బడి రిజిస్టరులో అతని పేరు ఉన్నా, మనిషి అక్కడ ఉండడు.

ఊరి నిర్ణయాలు జరిగే చోటు కూడా ఇక్కడ ఒకటి కాదు. పంచాయతీ ఆఫీసు ఉంది, పాలెంలో పెద్దల కట్టు ఉంది. పెద్దలు దురాయి, అంటే కుల కట్టుబాటు, వేశారంటే దానికి తిరుగు లేదు. ఆడవాళ్లకు ఆ కూటమిలో చోటు లేదు, కుర్రాళ్లు పక్కన నిలబడి వినాల్సిందే. ‘యువత గొంతు’ అన్న మాట వినసొంపుగా ఉంటుంది కాని, పదహారేళ్ల పట్టపు పిల్ల గొంతు ఎత్తితే అది ముందు తాకేది కలెక్టరును కాదు, మేనమామను.

ఈ తీరంలో బడి బయట చదువు నిన్న మొన్నటిది కాదు. పెన్న ఒడ్డున పల్లిపాడులో 1921 ఏప్రిల్‌లో గాంధీ ప్రారంభించిన పినాకిని సత్యాగ్రహాశ్రమం ఇందుకూరుపేట మండలంలోదే. దానికి వెన్నుదన్నుగా నిలిచిన పొణకా కనకమ్మ బడికి పోయి చదివిన మనిషి కాదు. చిన్నతనంలోనే పెళ్లయి పొట్లపూడి వచ్చి, సొంతంగా చదువు నేర్చుకుని, ఊళ్లో సమాజం పెట్టి, గ్రంథాలయం నడిపి, 1923లో నెల్లూరులో ఆడపిల్లల కోసం కస్తూరీదేవి విద్యాలయం స్థాపించింది. ఆమె ఆత్మకథ ‘కనకపుష్యరాగం’ చదివితే ఒక సంగతి స్పష్టంగా కనిపిస్తుంది. ఆమెకు మాట్లాడటం ఎవరూ నేర్పలేదు. మాట్లాడితే వినే మనుషులను ఆమే పోగేసుకుంది. అందుకు ఆమెకు భూమి, కులం, ఇల్లు తోడయ్యాయి. యానాది పిల్లకు ఆ మూడూ లేవు. 1930లలో వెన్నెలకంటి రాఘవయ్య యానాదుల సంఘాలు కట్టడానికి తిరిగిందీ, అలగానిపాడులో పుచ్చలపల్లి సుందరయ్య వ్యవసాయ కూలీలను కూడగట్టిందీ ఆ లోటు తెలిసే. నలభైలలో ప్రజానాట్యమండలి బుర్రకథను పల్లెల్లోకి తీసుకుపోయాక, చదువు రానివాడికి రాజకీయం చెప్పడానికి పాట, హాస్యం, కథ చాలన్నది తెలుగు నేల మీద రుజువైపోయింది. ఆ తరువాత వచ్చిన వీధి నాటకాలన్నీ ఆ దారి వెంట నడిచినవే.

ఇక అక్షరదీపం. దీని మీద ఆగి చూడాలి. 1988లో జాతీయ అక్షరాస్యతా మిషన్ మొదలైంది. 1990 ఫిబ్రవరిలో కేరళలోని ఎర్నాకుళం సంపూర్ణ అక్షరాస్యత సాధించిన జిల్లాగా ప్రకటించుకుంది. ఆ నమూనాను అందుకున్న తొలి తెలుగు జిల్లాల్లో నెల్లూరు ఒకటి. 1991 జనగణన నాటికి రాష్ట్రంలో అక్షరాస్యత 44 శాతం, ఆడవాళ్లలో 33 శాతం లోపు. జిల్లా యంత్రాంగం, జనవిజ్ఞానవేదిక కార్యకర్తలు, ఊరూరా చదువుకున్న పిల్లలు కలిసి నడిపిన కార్యక్రమం ఇది. కళాజాతా అని పిలిచిన బృందాలు ముందు వెళ్లేవి. తెలిసిన బాణీల్లో పాటలు, పావుగంట నాటికలు. వాటి వెనక వాలంటీర్లు లాంతరు, పలక, ‘చదువు వెలుగు’ వాచకం పట్టుకుని వచ్చేవారు. వాచకంలో అ అంటే అమ్మతో సరిపెట్టలేదు. కూలి, నీళ్లు, సారా పాఠాలుగా వచ్చాయి. తాగుడు వల్ల చితికిపోయిన ఒక ఆడమనిషి బతుకు ‘సీతమ్మ కథ’గా అచ్చయింది.

ఈ ఉద్యమం గురించి రాసినవాళ్లంతా నేర్చుకున్న ఆడవాళ్ల గురించే రాశారు, అది న్యాయమే. కాని పాఠం చెప్పినవాళ్లలో ఇంటర్ తప్పిన కుర్రాళ్లు, పదో తరగతి చదివి ఇంట్లో కూర్చున్న ఆడపిల్లలు ఉన్నారు. ఊళ్లో ఎవరూ ఖాతరు చేయని వయసు వాళ్లది. తమ కన్నా పెద్దవాళ్లకు చెప్పాల్సి రావడం, వాళ్ల మాటకు బదులివ్వాల్సి రావడం, రాత్రిపూట పది మంది ముందు నిలబడాల్సి రావడం వాళ్లకు దక్కిన అసలు చదువు. ఇప్పటి ‘లైఫ్ స్కిల్స్’ శిక్షణలో మూడు రోజుల్లో నేర్పబోయేది ఇదే. అక్కడ దానికి నెలలు పట్టింది, అసలు పని ఒకటి చేస్తూ వచ్చింది.

మరి ఆ అక్షరాల వల్లే సారా వ్యతిరేక ఉద్యమం వచ్చిందా? 1992 చివరలో హక్కుల కార్యకర్త బాలగోపాల్, రచయిత కంచ ఐలయ్య, 1993 మొదట్లో అన్వేషి స్త్రీ అధ్యయన కేంద్రం పరిశోధకులు ఒక ఆంగ్ల వారపత్రికలో దీని మీద రాశారు. వాటిని పక్కపక్కన పెట్టుకుని చదివితే అంత సూటి లెక్క కుదరదు. ‘వారుణి వాహిని’ పేరుతో ప్రభుత్వమే సారాను ప్యాకెట్లలో పోసి గుమ్మం దాకా తెచ్చింది. కూలి డబ్బు ఇల్లు చేరకముందే దుకాణంలో ఆగిపోయింది, దెబ్బలు మాత్రం ఇంటికొచ్చాయి. ఇవన్నీ ఆడవాళ్లకు వాచకం చెప్పాల్సిన సంగతులు కావు. నాకు తోచేదేమంటే, అక్షరదీపం ఇచ్చింది తెలివిడి కాదు, చోటు. సాయంత్రం చీకటి పడ్డాక ఇల్లు దాటి నలుగురితో కూర్చోవడానికి ‘చదువుకోడానికి పోతన్నా’ అన్నది ఎవరూ కాదనలేని సాకు. ఆ చోట కూర్చున్నాక ఎవరి ఇంటి గోడు వాళ్లది అనుకున్నది అందరిదీ అని తెలిసింది. మిగతాది వాళ్లే చూసుకున్నారు.

అలా లేచిన మాటకు జవాబు ఎందుకు వచ్చిందన్నది ఇంకా ముఖ్యం. సారా వేలం పాటలు ఆగిపోయాయి, వాయిదా మీద వాయిదా పడ్డాయి. ఎక్సైజు ఆదాయం చిక్కులో పడింది. పత్రికలు వెంటపడ్డాయి. ప్రభుత్వానికి జవాబు చెప్పక తప్పని స్థితి వచ్చింది. 1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలో, అక్టోబరులో రాష్ట్రంలో సారా ఆగింది. 1995 జనవరిలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం సంపూర్ణ మద్యనిషేధం తెచ్చింది, 1997లో తరువాతి ప్రభుత్వం ఎత్తేసింది. ఎత్తేసే నాటికి వేలం పాట దగ్గర అడ్డుపడే బలగం ఊళ్లల్లో లేదు.

దూబగుంట పోరాటమే ‘ఆడవాళ్లు ఏకమైతే’ అన్న పేరుతో అక్షరాస్యత తరువాతి వాచకంలో పాఠమైంది. ఆ పాఠం పక్క ఊళ్లలో నిప్పు రాజేశాక, సొంత ఖర్చుతో అచ్చేయించిన ప్రభుత్వానికే అది మింగుడు పడలేదు. వాచకం మీద వెనక్కి తగ్గింది. 1993లో రోజుకో రూపాయి దాచే ‘పొదుపులక్ష్మి’ జిల్లాలో మొదలై, తరువాత రాష్ట్రమంతా పాకిన పొదుపు సంఘాలకు మూలమైంది. దాని మేలు కాదనలేం. అయితే రాత్రి బడిలో వేలం పాట గురించి మాట్లాడుకున్న ఆడవాళ్లు అయిదేళ్లకు అదే చోట అప్పు వాయిదాల గురించి మాట్లాడుకున్నారు. మాటకు దారి చూపించడం అంటే ఒక్కోసారి దాన్ని మళ్లించడం కూడా.

ఈ బడి బయట చదువు, అంటే అనియత విద్య, మీద మన దగ్గరే పుట్టిన అతి గట్టి ఆక్షేపణ వేరే జిల్లా నుంచి వచ్చింది, దాన్ని దాటవేస్తే ఈ సమీక్ష ఏకపక్షం అవుతుంది. 1979–80లో కేంద్రం చదువులో వెనకబడిన తొమ్మిది రాష్ట్రాల్లో అనియత విద్యా పథకం మొదలుపెట్టింది, అందులో మనదీ ఉంది. పనికి పోయే పిల్లలకు సాయంత్రం రెండు గంటలు చదువు. రంగారెడ్డి జిల్లాలో 1991 నుంచి ఎం.వి. ఫౌండేషన్‌తో పనిచేసిన శాంతా సిన్హా దీన్ని తలకిందులు చేశారు. పగలు పని, రాత్రి చదువు అంటే బాలకార్మికాన్ని మనమే ఒప్పుకున్నట్టు, బడిలో లేని ప్రతి పిల్లా బాలకార్మికులే, పిల్లలు పగలు బడిలోనే ఉండాలి అన్నది ఆమె వాదం. పని మానిపించి శిబిరాల్లో చదివించి వయసుకు తగ్గ తరగతిలో చేర్చారు. 2003లో ఆమెకు మెగసెసే పురస్కారం వచ్చింది. ఆ వాదం తీరానికి అచ్చంగా వర్తిస్తుంది. రొయ్యల గుంట గట్టు మీద వారానికో రోజు బొమ్మలు గీయించి ‘యానాది పిల్లలు ఎంత బాగా మాట్లాడుతున్నారో’ అని మురిసిపోయే కార్యక్రమం, ఆ పిల్లవాడు ఆ గట్టు మీదే ఎందుకున్నాడని అడగకపోతే, కాపలా ఉద్యోగానికి రంగులు అద్దినట్టే. సృజన బడికి బదులుగా వస్తే నేను శాంతా సిన్హా పక్షం. బడికి తోడుగానో, బడి దాటిన పదహారు, పద్దెనిమిదేళ్ల వాళ్ల దగ్గరికో వస్తే మాట వేరు.

తోడుగా వచ్చినప్పుడు పద్ధతి ఏదైతే పనిచేస్తుంది? బ్రెజిల్‌లో పావ్లో ఫ్రెయిరీ చదువు రానివాళ్లకు వాళ్ల బతుకులోని మాటలతోనే అక్షరాలు నేర్పాడు. అదే దేశం వాడైన అగస్తో బోవాల్ 1970లలో నాటకాన్ని అలా మలిచాడు. ఫోరం నాటకంలో కథ అన్యాయం దగ్గర ఆగుతుంది. చూసేవాళ్లలో ఎవరైనా లేచి వచ్చి పాత్రను తాను తీసుకుని కథ మార్చవచ్చు. సుందర్‌బన్స్ పల్లెల్లో 1985 నుంచి జనసంస్కృతి బృందం దీన్ని బెంగాలీ చేసేసింది. ఉప్పునీళ్లు, తుపాన్లు, పడవల మీద బతుకు కాబట్టి మనకు దగ్గరి చుట్టమే. ఇది ఇక్కడ ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు. పాలెంలో రాములవారి గుడి ముందు ఆట. పదో తరగతి పిల్లకు సంబంధం కుదిర్చారు. వద్దంటుంది, అమ్మ ఏడుస్తుంది, మామ ‘మాటిచ్చేసినాం’ అంటాడు. ఆట ఆగుతుంది. ఒక అమ్మాయి లేచి ఆ పిల్ల చోటుకు వచ్చి గట్టిగా అరుస్తుంది, మామ వేషగాడు ఊరుకోడు. ఇంకో కుర్రాడు అన్న పాత్ర సృష్టించుకుని వస్తాడు, పడవలో వాటా లెక్క ఎత్తుతాడు. అక్కడ అసలు సంగతి బయటపడుతుంది. పెళ్లి కాదు, అప్పు. ఉపన్యాసంలో గంట చెప్పినా రాని సంగతి ఇది. పిల్లల చేత ఊరి పటం గీయించడం, ఫొటోలు తీయించి గోడకు అంటించడం కూడా ఇలాగే పనిచేస్తాయి. ఏ సందులో వీధి దీపం లేదో, ఏ కుళాయి దగ్గర తమను నీళ్లు పట్టనివ్వరో పటంలో వచ్చినంత స్పష్టంగా మాటల్లో రాదు.

మనవాళ్లు ఎక్కువగా చేసేది మాత్రం ఇది కాదు. మనకు పిల్లల కళ అనగానే పోటీ గుర్తొస్తుంది. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు రేడియో అన్నయ్య, అక్కయ్యగా బాలానందం నడిపినప్పుడు అందులో పిల్లల అల్లరికి చోటుండేది. తరువాత మనం ఏకపాత్రాభినయాలు, వక్తృత్వ పోటీలు, షీల్డుల దగ్గరికి చేరాం. పన్నెండేళ్ల పిల్ల బాల్యవివాహాల మీద చేతులు తిప్పుతూ అనర్గళంగా ఉపన్యసిస్తుంది. రాసిచ్చింది తెలుగు మాస్టారు. ఆమె సొంత అక్క పెళ్లి సంగతి ఆ ఉపన్యాసంలో ఉండదు. సూళ్లూరుపేట ఫ్లెమింగో పండుగలో పిల్లలు కొంగల్లా ముచ్చటగా ఆడతారు, పులికాట్‌లో వేట మీద బతికే ఇళ్ల పిల్లలకు సరస్సు గురించి ఏం చెప్పాలని ఉందో ఆ వేదిక అడగదు. భాష మీద కూడా ఇదే పట్టు. కావలి కుర్రవాడు మహమ్మద్ ఖదీర్‌బాబు ‘దర్గామిట్ట కతలు’ను నెల్లూరు మాటతీరులోనే రాస్తే తెలుగు పాఠకులు నెత్తిన పెట్టుకున్నారు. అదే మాటతీరుతో పిల్లవాడు వేదికెక్కితే ఇప్పటికీ సరిచేస్తాం. ఫోన్లలో అయితే ఎవరూ సరిచేయరు గనుక నెల్లూరు యాసలో రీళ్లు పొంగిపొర్లుతున్నాయి. తీరంలోని కుర్రకారుకు మాట్లాడటం రాదనుకునేవాళ్లు ఒక సాయంత్రం వాటిని చూడాలి. నవ్వించడంలో, వెక్కిరించడంలో, కెమెరా ముందు నిలబడటంలో ఎవరికీ తీసిపోరు.

అంటే కొరత గొంతులో లేదు, వినేవాళ్లలో ఉంది. మెదక్ ప్రాంతంలో మాచనూరు సంఘం రేడియో 2008లో మొదలైనప్పుడు దాన్ని నడిపింది దళిత యువతులే. అది నిలవడానికి కారణం మైకు ఒక్కటే కాదు. వెనక ఊరూరా మహిళా సంఘాలున్నాయి. రేడియోలో విత్తనం మాట వస్తే మర్నాడు సంఘంలో దాని మీద చర్చ వచ్చేది. వినేవాళ్లు ముందే పోగై ఉన్నారు.

వినే బాధ్యతను రాతపూర్వకంగా పెట్టిన ఉదాహరణ కావాలంటే కర్ణాటక తీరానికి పోవాలి. కుందాపుర తాలూకాలో తొంభైలలో పనిచేసే పిల్లల కోసం ఉన్న ఒక బెంగళూరు సంస్థ ‘మక్కళ పంచాయతీ’లు నడిపించింది. పిల్లలే ఎన్నుకున్న పిల్లల సభ, ఎదురుగా పెద్దల పంచాయతీ. వానాకాలంలో వాగులు దాటి బడికి పోలేకపోతున్నామని పిల్లలు పటాలు గీసి కాలివంతెనలు అడిగారు. తరువాత ఆ రాష్ట్రం గ్రామ పంచాయతీలన్నిటిలో ఏడాదికోసారి పిల్లల గ్రామసభ జరపాలని ఆదేశాలిచ్చింది. అన్ని చోట్లా సక్రమంగా జరుగుతోందని అనను. ప్రభుత్వ ఆదేశంతో జరిగేవి మొక్కుబడిగా మారడం మనకు తెలియంది కాదు. కాని ఒక తేదీ ఉంది, ఎదురుగా కూర్చోవాల్సిన మనిషి ఉన్నాడు, పోయిన ఏడాది అడిగింది ఏమైందని అడిగే వీలుంది. పిల్లల మాట వినాలన్న 12వ అధికరణం ఉన్న ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికకు భారత్ ఒప్పుకున్నది 1992 డిసెంబరులో, అంటే దూబగుంట రగులుతున్న రోజుల్లోనే. మన పంచాయతీరాజ్ చట్టంలో గ్రామసభ అంటే ఇప్పటికీ ఓటరు జాబితాలో ఉన్నవాళ్లే.

ఇంకొకటి ఎవరూ పెద్దగా రాయరు. మాట్లాడిన పిల్ల ఆ రాత్రి ఏ ఇంటికి పోతుంది? కార్యక్రమం వాళ్లు జీపెక్కి నెల్లూరు వెళ్లిపోతారు. దురాయి వేసిన పెద్దల ముందు ఆడిన ఆటకు ఫలితం ఆ కుటుంబం మీద పడొచ్చు. పిల్లల సహాయానికి పెట్టిన 1098 నంబరు గోడ మీద రాసి ఉంటుంది కాని ఫోను నాన్న దగ్గర ఉంటుంది. అందుకే సొంత కథను సొంత పేరుతో చెప్పించే పద్ధతి, కన్నీళ్లతో వీడియో తీసి దాతలకు పంపే పద్ధతి నాకు నచ్చవు. కల్పిత పాత్ర చాటున మాట్లాడనివ్వడం నాటకానికి ఉన్న పెద్ద గుణం, దాన్ని పాడుచేయకూడదు. బృందంలో ఒకరైనా ఆ ఊళ్లోనే ఉండేవాళ్లు కావాలి. అక్షరదీపం వాలంటీరు మర్నాడు పొద్దున కూడా ఆ వీధిలోనే ఉండేది. సంస్థలు ఖర్చు తగ్గించుకోవాల్సి వస్తే ముందు కోసేది ఈ మనిషి జీతమే కావడం విచారకరం.

తీరంలో ఇప్పుడు జవాబుదారులు లేరనడానికి కూడా వీల్లేదు. 2019 అక్టోబరు నుంచి గ్రామ సచివాలయాలున్నాయి. సంక్షేమానికి, విద్యకు ఒక సహాయకుడు, మహిళా పోలీసు, వేట ఊళ్లలో మత్స్యశాఖ సహాయకుడు పేరుపేరునా ఉన్నారు. సోమవారం కలెక్టరేటులో పెద్దలు అర్జీ పెడితే రసీదు మీద నంబరు వస్తుంది. పిల్లలు వేసిన నాటకానికి మాత్రం చప్పట్లు వస్తాయి, ఫొటో వస్తుంది. ఆట అయిపోయాక అందులో తేలిన ఒక్క సంగతిని, బడికి పోయే దారిలో దీపమో, ఆధార్ లేని యానాది పిల్లల జాబితానో, అర్జీగా రాసి, ఆ పిల్లలే సచివాలయానికి తీసుకుపోయి రసీదు తెచ్చుకోవడం కార్యక్రమంలో భాగం ఎందుకు కాకూడదు? ఇది కళ కాదు, ఆఫీసు పని అని నాటకం వాళ్లు చిరాకు పడొచ్చు. నెల తరువాత అదే గుడి ముందు రెండో ఆట వేయాల్సి వస్తే, అందులో మామ వేషంతో పాటు సచివాలయం మనిషి వేషం కూడా కావాల్సి వస్తుంది. ఆ వేషాన్ని ఎలా కట్టాలో పిల్లలకు ఎవరూ నేర్పనక్కర్లేదు. రసీదు తెచ్చుకోవడానికి ఎన్నిసార్లు తిరగాల్సి వచ్చిందో వాళ్లకు తెలుసు.